పిల్లల చేతికందే మడి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే పని గురించి అడిగారు. కాలనీ పార్కులో కాస్త జాగా చూసి, దగ్గరి బడి పిల్లలు విత్తుకోవడానికి స్వచ్ఛందంగా మడులు సిద్ధం చేస్తున్నవాళ్ళు రాసినవే అవన్నీ. ఒకే పోలిక ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం. లెక్కలన్నీ 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న ఒక మడికి చెప్పాం. మీ కొలత వేరైతే ఆ నిష్పత్తిలో సర్దుకోండి.

ప్రశ్న: ఆరు నుంచి పదేళ్ళ లోపు పిల్లల కోసం ఆరు మడులు కడుతున్నాం. 4 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు అనుకున్నాం. ఒక మడిని ప్రహరీ గోడకు ఆనించి కట్టొచ్చా?

4 అడుగులు పెద్దల కొలత. పెద్దవాళ్ళు ఏ వైపు నుంచి చెయ్యి చాపినా మధ్య వరకు అందుతుంది కాబట్టి అదే చలామణీలో ఉంది. ఏడేళ్ళ బిడ్డ మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు తూలిపోకుండా చాపగలిగేది అడుగున్నర. అందుకే వెడల్పు 3 అడుగులు దాటనివ్వకండి. నర్సరీ వయసు వాళ్ళకైతే 2 అడుగులు చాలు. గోడకు ఆనించిన మడికి ఒక వైపే దారి, కాబట్టి దాని వెడల్పు అడుగున్నర. చెయ్యి అందకపోతే పిల్లలు కాలు లోపల పెడతారు, ఎంత చెప్పినా పెడతారు. తడి మట్టిని ఒకసారి తొక్కితే అక్కడ నీరు ఇంకదు, వేరు దిగదు.

12 అడుగుల పొడవుంటే చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక ఎవరికీ ఉండదు, మీంచి దూకుతారు. 8 అడుగుల దగ్గర ఆపండి. ఇంకో లాభం కూడా ఉంది. 8×3 మడి మీద అడుగుకొక పురికొస అడ్డంగా, నిలువుగా కడితే 24 గడులు వస్తాయి. బిడ్డకొక గడి. ఎవరి గడి వాళ్ళకుంటే తగవులు సగం తగ్గుతాయి.

మడికీ మడికీ మధ్య 3 అడుగుల దారి వదలండి. రెండడుగులు కాగితం మీద సరిపోతాయి గానీ, రెండు మడుల దగ్గర పిల్లలు వీపూ వీపూ తగిలేలా కూర్చుంటే నడవడానికి చోటుండదు. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలుంటే కనీసం ఒక మడి చుట్టూ 4 అడుగుల దారి, గట్టిగా అణిచిన నేల ఉండాలి. వదులు కంకర, ఇసుక పనికిరావు, చక్రం దిగబడిపోతుంది. ఆ మడి ఎత్తు 24 నుంచి 27 అంగుళాలు ఉండాలి. మిగతావాటికి 8 నుంచి 10 అంగుళాలు చాలు.

మడి పొడవునా మట్టం సమంగా ఉండాలి. తాపీ పనివాళ్ళు వాడే నీళ్ళ గొట్టంతో నాలుగు మూలలూ చూసుకోండి. వాలు ఉంటే పోసిన నీరంతా ఒక కొసకు చేరి అక్కడ మొక్కలు కుళ్ళుతాయి, రెండో కొసలో వాడిపోతాయి.

ప్రశ్న: ఇచ్చిన స్థలమంతా గరిక, తుంగ. ట్రాక్టరు రోటవేటర్ తిప్పితే ఒక్క గంటలో అయిపోతుందని ఒకరు, అట్టలు పరిచి మీద మట్టి పోస్తే చాలని ఇంకొకరు అంటున్నారు.

రోటవేటర్ మాత్రం వద్దు. గరిక కాడలు నేలలో పాకుతూ కణుపు కణుపునా వేరు వేస్తాయి. బ్లేడు వాటిని ముక్కలు చేస్తుంది, కణుపున్న ప్రతి ముక్కా మొలుస్తుంది. వారం రోజులు నేల శుభ్రంగా కనిపించి, ఆ తర్వాత ముందుకంటే ఒత్తుగా వస్తుంది.

అట్టల పద్ధతి మామూలు గడ్డికి, ఏడాదితో చచ్చిపోయే కలుపుకు బాగా పనిచేస్తుంది. టేపులు, పిన్నులు, మెరిసే ప్లాస్టిక్ పూత ఉన్న పొరలు తీసేయండి. ఒక అట్ట అంచు ఇంకో అట్ట మీదికి 6 అంగుళాలు వచ్చేలా రెండు పొరలు పరచండి. బాగా తడిపాకే మట్టి పోయండి. అంచులు ఆనించి వదిలేస్తే ఆ సందులోంచే గడ్డి పైకొస్తుంది. చెదలున్న నేలలో మాత్రం అట్టలు వాడకపోవడమే మంచిది, వాటికి విందు పెట్టినట్టే.

తుంగ సంగతి వేరు. దాని గడ్డలు నేలలో అడుగు లోతున కూడా ఉంటాయి, మొలక మొన అట్టను పొడుచుకుని వస్తుంది. పీకితే ఆకు తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే మిగిలిపోతుంది. పలుగుతోనో, పళ్ళున్న తోట ఫోర్కుతోనో మట్టిని కింది నుంచి ఎత్తి, విదిలించి, గొలుసులా తగులుకుని ఉన్న గడ్డల్ని ఏరాలి. ఒకసారికి పోదు. నేల తడిపి రెండు మూడు వారాలు ఆగి, మళ్ళీ మొలిచినవాటిని గడ్డతో సహా తీయండి. కొన్ని అప్పటికీ మిగులుతాయి, వాటికి 5, 6 ఆకులు రాకముందే తీసేస్తుంటే కొత్త గడ్డలు కట్టవు. ఏరిన గడ్డల్ని కంపోస్టు గుంటలో వేయకండి. పిల్లలు తిరిగే చోటు కాబట్టి కలుపు మందు జోలికి వెళ్ళొద్దు.

తవ్వేముందు పార్కు నిర్వహించే కార్యాలయం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కింద కరెంటు కేబులు, నీటి పైపు ఎక్కడున్నాయో అడిగి సున్నంతో గుర్తు పెట్టించుకోండి. గునపం దిగాక తెలుసుకునే విషయం కాదది.

ప్రశ్న: ఒక మడికి ఎంత మట్టి కావాలి? సగం మట్టి, సగం కొబ్బరి పొట్టు కలపమంటున్నారు. అడుగున కంకర వేయాలా?

అడుగు లోతు నింపాలంటే 8×3×1, మొత్తం 24 ఘనపుటడుగులు, అంటే సుమారు 680 లీటర్లు. పోసిన మట్టి కొన్ని వారాల్లో 15 నుంచి 20 శాతం కుంగుతుంది, కాబట్టి 800 లీటర్లు తెప్పించండి. బరువు ముప్పావు టన్ను దాటుతుంది. లారీ ఎంత దగ్గర దించగలదన్నది ముందే చూసుకోండి, మనుషుల శక్తి అంతా మోతలోనే పోతుంది. 65 లీటర్లు పట్టే ఒంటిచక్రం బండితో మడికి 12 విడతలు, తట్టలతో అయితే 65 నుంచి 70. కింద టార్పాలిన్ పరిచి దించుకుంటే చివరి పార వరకు ఎత్తుకోవచ్చు.

కింద నేల ఉంటే అంత లోతు నింపనక్కర్లేదు. ఉన్న నేలను 6, 8 అంగుళాల లోతు వదులు చేసి, మీద 8 అంగుళాలు పోస్తే చాలు. కింద సిమెంటు గచ్చు ఉంటే మాత్రం 12 అంగుళాలు తప్పనిసరి, టమాటా లాంటివాటికి 18. నీరు బయటికి పోవడానికి అడుగు వరసలో రంధ్రాలు వదలాలి.

కలపాల్సిన పాళ్ళు: మట్టి 6 పాళ్ళు, బాగా మాగిన కంపోస్టు 3 పాళ్ళు, తడిపి పిండిన కొబ్బరి పొట్టు 1 పాలు. సగానికి సగం పొట్టు కలిపితే మొదటి నెల చేతికి మెత్తగా, హాయిగా ఉంటుంది. తర్వాత మడి కుంగుతుంది, ఎండితే పై పొర నీటిని తీసుకోదు, పోషకాలు దాదాపు ఉండవు. జిగట మట్టిని వదులు చేయడానికి కొంచెం ఇసుక కలిపితే ఇటుకలా బిగుస్తుంది. దానికి మందు కంపోస్టే.

పచ్చి రంపపు పొట్టును మట్టిలో కలపకండి. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజని వాడేసుకుంటాయి, పిల్లల మొక్కలు పసుపు పచ్చగా నిలబడిపోతాయి. దారుల మీద పరచడానికైతే బాగుంటుంది.

అడుగున కంకర వేస్తే నీరు త్వరగా దిగుతుందన్నది చాలామంది నమ్మకం. జరిగేది తలకిందులు. సన్న మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా, కింది గరుకు పొరలోకి జారదు. వేళ్ళుండే చోటే నీరు నిలుస్తుంది. ప్లాస్టిక్ షీటు పరిచినా అంతే. నీరు ఇంకుతుందో లేదో తెలియాలంటే అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నీళ్ళు నింపి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలుతో కొలవండి. 1 నుంచి 3 అంగుళాలైతే మంచిది. అంగుళం కూడా దిగకపోతే మడి ఎత్తు పెంచండి.

ప్రశ్న: దగ్గర్లోని పశువుల పాక నుంచి ఎరువు ఉచితంగా ఇస్తామన్నారు. పిల్లలు చేతులు పెట్టే మట్టిలో వాడొచ్చా? మాగిందో లేదో ఎలా తెలుస్తుంది?

పచ్చి పేడ వాడకూడదు. అందులో ఈ-కొలై లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చు. పచ్చి ఎరువు వేసిన రోజు నుంచి, నేలకు తగిలే పంట కోతకు కనీసం 120 రోజుల ఎడం ఉండాలని సేంద్రియ సేద్యంలో ఒక లెక్క ఉంది. నెల రోజుల్లో ముల్లంగి పీకే పిల్లల మడికి అది కుదరదు. అందుకని పూర్తిగా మాగినదే తీసుకోండి. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి 15 రోజులు నిలవాలి, ఆ లోపల కనీసం ఐదుసార్లు తిరగేసి ఉండాలి, ఆ తర్వాత చల్లబడి మాగాలి. ఇచ్చేవాళ్ళు తిరగేయలేదంటే మీరే చేసుకోండి, లేదా అది ఈ విడతకు వద్దనుకోండి.

మాగిన ఎరువు చేతిలో పొడిపొడిగా ఉంటుంది, వాన పడ్డ నేల వాసన వస్తుంది. ముక్కు మండించే ఘాటు, లోపల వెచ్చదనం, గుర్తుపట్టేలా గడ్డిపోచలు ఉంటే ఇంకా సమయం పడుతుంది. అనుమానంగా ఉంటే తడి గుప్పెడు ఎరువు పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి రెండు మూడు రోజులు నీడలో పెట్టండి. సంచి ఉబ్బినా, విప్పగానే పులిసిన కంపు కొట్టినా పచ్చిదే.

చాలామంది వదిలేసే పరీక్ష ఇంకొకటుంది. పశువులు మేసిన గడ్డి మీద కొట్టిన కొన్ని రకాల కలుపు మందులు పేడలోంచీ, కంపోస్టులోంచీ కూడా విరగకుండా నెలల తరబడి నిలుస్తాయి. కంటికి, ముక్కుకు తెలియవు. లారీ దించుకోకముందే ఆ ఎరువు సగం, మంచి మట్టి సగం కలిపి మూడు కుండీల్లో, ఎరువు లేని మట్టి ఇంకో మూడు కుండీల్లో నింపండి. కుండీకి నాలుగు బీన్స్ గింజలు వేయండి. మూడు వారాలు చూడండి. ఎరువు కుండీల్లో లేతాకులు దొన్నెలా ముడుచుకున్నా, కాడ మెలితిరిగినా ఆ ఎరువు తీసుకోకండి. చిక్కుడు జాతి మొక్కలు ఈ మందులకు చాలా సున్నితం, అందుకే అవి.

పిండి ఎరువుల్లో వేప పిండి వాడొచ్చు. ఆముదపు పిండి మాత్రం పిల్లలు, కుక్కలు తిరిగే చోట వద్దు. సరిగ్గా శుద్ధి కాని పిండిలో రిసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు, దాని వాసనకు కుక్కలు వచ్చి తవ్వి తింటాయి.

ప్రశ్న: అంచులకు పాత రైలు స్లీపర్లు, టైర్లు దొరుకుతున్నాయి.

రెండూ వద్దు. పాత చెక్క స్లీపర్లకు క్రియోసోట్ అనే విషపు తారు నూనె పట్టించి ఉంటుంది, ఎండకు కారి చర్మానికి అంటుకుంటుంది. టైర్ల నుంచి జింకు, ఇతర రసాయనాలు మట్టిలోకి దిగొచ్చు. చెద పట్టకుండా కాలిన ఇంజను ఆయిలు పూసిన చెక్క, పెచ్చులు లేస్తున్న పాత పెయింటు చెక్క కూడా పనికిరావు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు. అదే కారణంగా, పాత కట్టడాల గోడ పక్కన, రద్దీ రోడ్డు అంచున మడులు కట్టేముందు నేలను ప్రయోగశాలలో సీసానికి పరీక్ష చేయించండి.

ఇటుక, రాయి, మందు పట్టించని చెక్క మేలు. సిమెంటు లేకుండా పేర్చే ఇటుకైతే అడుగు వరసను 2 అంగుళాల లోతు కాలువలో దించండి, లేకపోతే మొదటి వానకే బయటికి తోసుకొస్తుంది. చెక్క పలకలకు మూలల్లోనే కాక ప్రతి 4 అడుగులకు ఒక మేకు కర్ర దిగేయాలి. మట్టి తడిసినప్పుడు ఆ బరువుకు పలక మధ్యలో బయటికి వంగుతుంది.

ప్రశ్న: పిల్లలకు ఎండ తగలకుండా పెద్ద చెట్టు కింద మడులు కడదామా?

పిల్లలకు నీడ, మడికి ఎండ కావాలి. కూరగాయలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. పైగా మంచి మట్టి పోయగానే చెట్టు సన్న వేళ్ళు పైకి పాకి మడిని ఆక్రమిస్తాయి, ఏడాదికల్లా పార దిగదు. చెట్టుకూ మంచిది కాదు, మొదలు చుట్టూ మట్టి ఎత్తు పెంచితే వేళ్ళకు గాలి అందదు. మడులు కొమ్మల అంచు దాటాక కట్టి, చెట్టు కింద చేతులు కడుక్కునే నీళ్ళు, కూర్చునే బల్ల పెట్టండి.

ప్రశ్న: 16 మంది స్వచ్ఛంద కార్యకర్తలు ఒక ఆదివారం వస్తామన్నారు. సోమవారమే పిల్లల చేత విత్తించాలని బడివాళ్ళ కోరిక. అయ్యే పనేనా?

మడులు కట్టడం అవుతుంది, విత్తించడం కాదు. మధ్యలో మూడు వారాలు కావాలి. నింపిన మట్టి కుంగాలి, అందులోని కలుపు గింజలు ముందే మొలవాలి. నింపాక తడిపి ఉంచండి. 10 నుంచి 14 రోజుల్లో కలుపు మొలుస్తుంది. మీద అంగుళం లోతు మాత్రమే గీకి తీసేయండి, లోతుగా తిరగేస్తే అడుగునున్న కొత్త గింజలు పైకొస్తాయి. ఇది చేయకపోతే పిల్లల మొలకలు, కలుపు ఒకేసారి వస్తాయి. ఏది ఏదో వాళ్ళకు తెలియదు, నిజానికి చాలామంది పెద్దలకూ తెలియదు.

16 మందిని ఇలా పంచండి: అంచులు, మట్టం చూసేవాళ్ళు 4, కలుపు వేళ్ళు ఏరేవాళ్ళు 4, మోసేవాళ్ళు 5, మట్టి కలిపేవాళ్ళు 2. మిగిలిన ఒకరు ఏ పనీ చేయకూడదు. పనిముట్ల లెక్క, తాగునీళ్ళు, దెబ్బలకు మందుపెట్టె చూసుకోవాలి. ఆ ఒక్కరు లేనిచోటే ఫోర్కులు గడ్డిలో మిగిలిపోతాయి. ఒక రోజుకు రెండు మడులు, మహా అయితే మూడు. ఆరు మడులు ఒక్క రోజులో మొదలుపెడితే ఆరూ సగంలో ఆగుతాయి.

ముందురోజు వాన పడిందా? గుప్పెడు మట్టి పిడికిలిలో నొక్కి, బొటనవేలితో పొడవండి. పొడిగా విడిపోతే పని మొదలెట్టండి. వేలి గుంట పడి ముద్దగానే ఉంటే ఆ రోజు తవ్వకండి, గడ్డలు కట్టి ఆ సీజనంతా అలాగే ఉంటాయి. సంచుల్లో వచ్చిన కంపోస్టు విప్పేటప్పుడు మొహం దగ్గర పెట్టుకోకుండా, కాస్త నీళ్ళు చిలకరించి కుమ్మరించండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నింపిన మడిని మూడు వారాలు ఖాళీగా వదిలితే పిల్లులు మలవిసర్జనకు వాడుకుంటాయి. ముళ్ళు లేని కంపో, వలో పరిచి ఉంచండి.

ప్రశ్న: పోయినసారి పిల్లలు వేసిన విత్తనాల్లో సగం కూడా మొలవలేదు. విత్తనం మంచిదే. ఎక్కడ తప్పు?

మూడు కారణాల్లో ఏదో ఒకటై ఉంటుంది. మొదటిది లోతు. పిల్లలు వేలు మొత్తం దిగేస్తారు. విత్తనం మందానికి రెండు మూడు రెట్లే లోతు: ముల్లంగికి అర అంగుళం లోపు, బీన్స్‌కు అంగుళం. పెన్సిలుకు ఆ కొలత దగ్గర టేపు చుట్టి ఇవ్వండి, దాంతోనే గుంట చేస్తారు. రెండోది పైన గట్టిపడిన పొర. జిగట మట్టితో కప్పి, చెంబుతో నీళ్ళు పోస్తే ఎండకు పెచ్చు కడుతుంది, మొలక దాన్ని ఎత్తలేదు. విత్తనం మీద మట్టికి బదులు జల్లెడ పట్టిన కంపోస్టు వేయించండి. నీళ్ళు సన్న చిల్లులున్న రోజా మూత క్యానుతోనే పోయించండి. మూడోది విత్తిన మూడో రోజున పై పొర ఎండిపోవడం. మొలకెత్తేదాకా పైపైన రోజూ తడి ఉండాలి. అలాగని చిత్తడి చేస్తే మొలక మెడ దగ్గర నల్లబడి వాలిపోతుంది, దాన్నే నారుకుళ్ళు అంటారు.

గడికి ఎన్ని విత్తనాలన్నది ముందే లెక్కపెట్టి పొట్లాలు కట్టండి. ముల్లంగి 16, నాలుగు వరసలు, వరసకు నాలుగు. పొద బీన్స్ 9. పొద్దుతిరుగుడు గడికి ఒకటి, పక్క గడుల మీద నీడ పడని అంచున. తోటకూర లాంటి సన్న విత్తనం చిటికెడుకు గుప్పెడు పొడి ఇసుక కలిపి చల్లిస్తే ఒకేచోట కుప్పపడదు. మొదటి పంటగా ముల్లంగి పెట్టండి, 25, 30 రోజుల్లో చేతికొస్తుంది. చిన్నపిల్లలకు మూడు నెలల తర్వాత కాసేది కాయనట్టే.

గులాబీ, నీలం రంగు పూత ఉన్న విత్తనాలు కొనకండి. ఆ రంగు మందు పట్టించిన గుర్తు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆముదం, గన్నేరు, ఉమ్మెత్త, గురివింద మడుల దగ్గరే కాదు, పిల్లలు తిరిగే ఆవరణలోనే ఉండకూడదు. గన్నేరు ఆకులు కంపోస్టులోకీ వద్దు.

ప్రశ్న: నీళ్ళు ఎవరు పోయాలి, ఎంత పోయాలి? సెలవుల్లో సంగతేమిటి?

చదరపు మీటరుకు వారానికి 25 లీటర్లు ఒక అంచనా. మన మడికి సుమారు 55 లీటర్లు, ముదురు ఎండల్లో రెట్టింపు. పిల్లలకు 2 లీటర్ల క్యాన్లు కొనండి, నిండు బకెట్టు బరువు 10 కిలోలు. 24 మంది తలా ఒక క్యాను పోస్తే 48 లీటర్లు, వారం వాటా దాదాపు తీరిపోతుంది. అందుకే అందరినీ ఒకే రోజు పోయనివ్వకండి, మూడు జట్లుగా మూడు రోజులకు పంచండి. పోసేముందు వేలు రెండు కణుపుల లోతు పెట్టి చూడమనండి. లోపల తడి తగిలితే ఆ రోజు వద్దు. క్యాన్లు, తొట్లు వాడాక బోర్లించండి, వారం నిలిచిన నీళ్ళలో దోమలు తయారవుతాయి.

పందిరికి పాతే కర్రల మొనలు సరిగ్గా పిల్లల కంటి ఎత్తున ఉంటాయి. ప్రతిదానికీ ఖాళీ ప్లాస్టిక్ సీసా బోర్లించండి.

పొడవాటి సెలవులకు ముందే కోత అయిపోయేలా వెనక్కి లెక్కపెట్టి విత్తించండి. ఖాళీ మడిలో జనుము చల్లి, పూత రాకముందే, అంటే ఆరేడు వారాలకు, కోసి అక్కడే పరిచేయొచ్చు. నీళ్ళు పోసేవాళ్ళే లేకపోతే మడి తడిపి 4 అంగుళాల మందాన ఎండుటాకులు కప్పండి. బడి తెరిచే రెండు వారాల ముందు ఆకులు పక్కకు లాగి, కుంగినంత మేర కంపోస్టు పోసి, మళ్ళీ తడిపి కలుపు మొలిపించుకోవాలి. ఆ పనికి మనుషుల్ని సెలవులకు ముందే మాట్లాడి పెట్టుకోండి.